రోజూ వాక్యం చదువుతున్నా మనసుకు పట్టడం లేదంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ సంఘంలో ఈ నెలకి కనికరం, జ్ఞానం, నిరీక్షణ (దేవుని మీద పెట్టుకునే ఆశ) అనే మూడు అంశాల మీద పఠన పట్టిక ఇచ్చారు, రోజుకి రెండు మూడు వచనాలు. పొద్దున్నే చదువుతున్నారు కానీ ఆఫీసుకి వెళ్లేసరికి ఏం చదివారో గుర్తుండటం లేదు. ఉద్యోగం పోయిన స్నేహితుడికి బైబిల్లోని యిర్మీయా 29:11 పంపితే అతను జవాబివ్వలేదు, తప్పు చేశానా అంటున్నారు. నిరీక్షణ గురించిన భాగాలు చదివినా ఏమీ అనిపించకపోవడం విశ్వాసం తగ్గినట్టా అని కూడా అడిగారు.

నా మాట ముందే చెప్పేస్తాను. మీ భక్తికి వచ్చిన లోటేమీ లేదు, చిక్కంతా ఆ పట్టికలో ఉంది. ఆ మాట ఎవరన్నారు, ఎవరితో అన్నారు, అన్నాక ఏం చేశారు, ఇవన్నీ తీసేసి వచనం ఒక్కటే చేతిలో పెడితే ఎంత మంచి వచనమైనా చదివిన పది నిమిషాలకి జారిపోతుంది. సండే స్కూల్లోనూ స్త్రీల సమాజంలోనూ చాలా ఏళ్లు పాఠం చెప్పినదాన్ని. కనికరం, జ్ఞానం, నిరీక్షణ బైబిల్లో ఉత్త భావాలుగా కనబడటం నేను చాలా తక్కువగా చూశాను. ఎవరో చేతిలో డబ్బు తీసి ఇస్తారు, ఎవరో బిడ్డను వదులుకోవడానికి సిద్ధపడతారు, ఎవరో పనికిరాని పొలం కొంటారు. ఆ పని కనబడేదాకా చుట్టుపక్కల చదవాలి. ధ్యానం అంటే ముప్పాతిక వంతు అదే.

రోజుకో వచనం అనే అలవాటు చెడ్డదని నేను అనను. జర్మనీలో హెర్న్‌హూట్ అనే ఊళ్లో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ విశ్వాసులు 1728లో దాన్ని మొదలుపెట్టారు, 1731 నుంచి ఏటా పుస్తకంగా వేస్తున్నారు. మొదట్లో ఆ వచనాన్ని మనుషులే ఇంటింటికీ తీసుకెళ్లి చెప్పేవారు. ఆ ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎవరు దిగులుగా ఉన్నారో వెళ్లినవాళ్లకి తెలిసేది. మన ఫార్వర్డ్‌లలో వచనమైతే వెళుతుంది, మనిషే వెళ్లడు. పైగా వచనాల అంకెలు బైబిలు రాసినవాళ్లు పెట్టినవి కావు. కొత్త నిబంధనలో ఇప్పుడు మనం చూసే అంకెలు రాబర్ట్ ఎస్టియెన్ అనే అచ్చాఫీసు యజమాని 1551లో వేసినవి. వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని వేశాడు, ముక్కలు చేసుకుని చదవమని కాదు.

ముక్కగా చదివితే ఎంత దూరం పోతామో ఒక ఉదాహరణ చూడండి. యోబు 8:7 మీకు తెలియకుండా ఉండదు. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." మన వాళ్ల దుకాణాల్లో ఫ్రేమ్ కట్టి ఉంటుంది, కొత్త సంవత్సరం క్యాలెండర్ మీద ఉంటుంది, షాపు ఓపెనింగ్ ప్రార్థన అంటే చాలాచోట్ల ఇదే. ఇది దేవుడు ఎవరికీ ఇచ్చిన వాగ్దానం కాదు. బిల్దదు అనే స్నేహితుడు యోబుతో అన్న మాట. పదిమంది పిల్లల్నీ ఒకేరోజు పోగొట్టుకుని, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషితో అన్నాడు. దానికి మూడు వచనాల ముందే, నీ పిల్లలు పాపం చేశారేమో, అందుకే దేవుడు వాళ్లని దానికి అప్పగించాడు అని కూడా అన్నాడు. పుస్తకం చివర 42:7లో దేవుడు ఎలీఫజు అనే ఇంకో స్నేహితుణ్ని పిలిచి, నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నాకు కోపంగా ఉంది, నా గురించి మీరు సరిగ్గా మాట్లాడలేదు అంటాడు. ఆ ఇద్దరిలో ఒకడు ఈ బిల్దదే.

చివరికి యోబు ఆస్తి రెండింతలైంది కదా, బిల్దదు అన్నట్టే జరిగింది కదా అని నాతో వాదించినవాళ్లు ఉన్నారు. ఆస్తి రెండింతలైంది నిజమే. పోయిన పదిమంది తిరిగి రాలేదు.

ఆ ముగ్గురు స్నేహితులూ సరిగ్గా చేసిన పని ఒకటుంది. రెండో అధ్యాయం చివర చూడండి. అతని బాధ ఎంత పెద్దదో చూసి, ఒక్క మాట కూడా అనకుండా ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ అతనితో నేల మీద కూర్చున్నారు. నోరు విప్పినప్పటి నుంచే అంతా పాడైంది. కనికరం అనే అంశం కింద ఈ భాగాన్ని పట్టికలో పెట్టినవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు. నన్నడిగితే మొదటిరోజే పెడతాను.

ఇప్పుడు మీ స్నేహితుడి సంగతి. యిర్మీయా 29:11, దేవుడు మీ గురించి సమాధానకరమైన ఉద్దేశాలే పెట్టుకున్నాడనీ, రాబోయే కాలంలో నిరీక్షణ ఉందనీ చెప్పే వచనం. అది ఒక ఉత్తరంలోని వాక్యం. యెరూషలేము నుంచి బబులోనుకి చెరగా వెళ్లినవాళ్లకి యిర్మీయా రాసి పంపాడు. ఆ ఉత్తరం ముందు ఏం చెబుతోంది? ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకుని వాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకీ పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి. తర్వాత పదో వచనంలో లెక్క వస్తుంది: 70 ఏళ్లు. అంటే ఆ ఉత్తరం చదవగా విన్న పెద్దల్లో ఎక్కువమంది మళ్లీ సొంత ఊరు చూడరు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త బబులోనుకి లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడి విరగ్గొట్టి, రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని జనం ముందు ప్రకటించాడు. విన్నవాళ్లకి ఎంత హాయిగా ఉండి ఉంటుందో! ఆ మాట అబద్ధమైంది. పదకొండో వచనాన్ని ఒక్కదాన్నే కత్తిరించి పంపినప్పుడు మనం యిర్మీయా మాటలతో హనన్యా సందేశం పంపుతున్నాం. అవతలి మనిషికి అది "త్వరలోనే సర్దుకుంటుందిలే" అన్నట్టే వినబడుతుంది. ఈఎంఐ కట్టాల్సిన తేదీ దగ్గర పడుతున్నవాడు దానికి ఏమని జవాబిస్తాడు?

పంపడం పెద్ద తప్పేమీ కాదు, దాని గురించి మధనపడకండి. అయితే యాకోబు రెండో అధ్యాయం 15, 16 వచనాలు చదివి అతనికి ఫోన్ చేయండి. బట్టలూ తిండీ లేని సహోదరుడితో "సమాధానంగా వెళ్లు, చలి కాచుకో, కడుపు నింపుకో" అని చెప్పి ఏమీ ఇవ్వకపోతే ప్రయోజనం ఏమిటని అక్కడ యాకోబు అడుగుతాడు. "ప్రేయర్ చేస్తాను బ్రదర్" అన్న మన కామెంట్‌ని రెండు వేల ఏళ్ల కిందటే పట్టుకున్నట్టుంది. ఫోన్‌లో వచనాలేమీ చెప్పొద్దు. ఈ నెల అద్దె సంగతి ఏమైందో అడగండి. మీ కంపెనీలో ఖాళీలుంటే రెజ్యూమె పంపమనండి. అతను తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి, యోబు అంతకన్నా ఎక్కువే తిట్టుకున్నాడు.

కనికరం మీద మీ పట్టికలో మంచి సమరయుని కథ తప్పకుండా ఉండి ఉంటుంది, లూకా 10, దొంగలు కొట్టి పడేసిన మనిషిని దారిన పోయే సమరయుడు ఆదుకున్న కథ. మనందరికీ ఎంత తెలిసిన కథంటే చదవకముందే అయిపోతుంది. ఈసారి పెన్సిల్ తీసుకుని, సమరయుడు చేసిన పనుల కింద గీతలు గీయండి. చూశాడు, కనికరపడ్డాడు, దగ్గరికి వెళ్లాడు, నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, సత్రానికి తీసుకెళ్లాడు, పరామర్శించాడు, మర్నాడు రెండు దేనారాలు తీసి ఇచ్చాడు, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. మనసులో జరిగింది ఒక్కటే, మిగిలినవన్నీ కాళ్లతో, చేతులతో, డబ్బుతో జరిగాయి. అతనికంటే ముందు అదే దారిన వెళ్లిన యాజకుడూ లేవీయుడూ కూడా చూశారు, కాబట్టి చూడటం దగ్గర తేడా లేదు. దేనారం అంటే ఒక కూలీ రోజు సంపాదన. యెరూషలేము నుంచి యెరికోకి పాతిక కిలోమీటర్లకు పైనే, అంతా దిగుడు, ఎడారి కొండల మధ్య దారి. గాయపడ్డవాణ్ని గాడిద మీద కూర్చోబెడితే మీరు నడవాలి, నెమ్మదిగా నడవాలి, దొంగలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉండొచ్చు. ఇంత ఆలోచించాక ఆ కథ మీకు ఆఫీసులో గుర్తు రాకుండా ఉండదు.

రూతు రెండో అధ్యాయం నాకు చదువుకున్నవాళ్లు నేర్పలేదు. మా స్త్రీల సమాజంలో పొలం పనులకి వెళ్లే ఆడవాళ్లు ఎక్కువ. ఆ అధ్యాయం చదివినప్పుడు నేను, రూతు అనే పేద విధవని తన పొలంలో పరిగ ఏరుకోనిచ్చిన బోయజు దాతృత్వం గురించి, ధర్మశాస్త్రంలో పొలం అంచులు బీదలకి వదలాలన్న నియమం గురించి చెప్పుకుంటూ పోతున్నాను. వెనక కూర్చున్న ఒకావిడ, వయసులో పెద్దది, చదువు రాదు, మధ్యలో అడ్డుపడి "తిట్టొద్దని ముందే చెప్పాడు చూశావా అమ్మా" అంది. ఏమిటని అడిగితే, పరిగ ఏరుకునేవాళ్లకి గింజకంటే ముందు తిట్లు దొరుకుతాయనీ, ఆసామి ఏమీ అనకపోయినా కోతకోసేవాళ్లే తరిమేస్తారనీ చెప్పింది. మళ్లీ చదివాం. నిజమే. పదిహేను, పదహారు వచనాల్లో బోయజు పనివాళ్లని పిలిచి, పనల మధ్య ఏరుకున్నా ఆమెని అవమానించొద్దు, పిడికెళ్లు కావాలనే లాగి పడేయండి, గద్దించొద్దు అంటాడు. ఇవ్వడం ఒక ఎత్తయితే, తీసుకునే మనిషి తల దించుకోకుండా ఇవ్వడం ఇంకో ఎత్తు. సాయంత్రానికి రూతుకి దాదాపు తూమెడు యవలు వచ్చాయి. ఆవిడ దానికి కూడా నవ్వింది, పరిగలో అంత రాదు, వాళ్లు బాగానే పడేసుంటారని. ఏ వ్యాఖ్యాన పుస్తకంలోనూ ఆ నవ్వు లేదు.

కనికరం గురించే యోనా నాలుగో అధ్యాయం కూడా చదవండి, పట్టికలో లేకపోయినా. పదకొండే వచనాలు. తను వెళ్లి హెచ్చరించిన నీనెవె పట్టణాన్ని దేవుడు క్షమించాడని యోనా ప్రవక్తకి ఒళ్లు మండిపోతుంది. నువ్వు కటాక్షం, జాలి ఉన్న దేవుడివని నాకు తెలుసు, అందుకే తర్షీషుకి పారిపోయాను అంటాడు. మనం స్తుతిగా పాడుకునే మాటనే అతను ఫిర్యాదుగా వాడాడు. మనకి ఇష్టంలేని మనిషి మీద దేవుడు జాలిపడితే మనకెలా ఉంటుందో ఆ ఒక్క పేజీలో ఉంది. తనకి నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోయినందుకు ఏడ్చినవాణ్ని, కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మందికంటే ఎక్కువున్న ఊరి గురించి, అక్కడి పశువుల గురించి నేను జాలిపడకూడదా అని దేవుడు అడుగుతాడు. పుస్తకం అక్కడితో ఆగిపోతుంది. యోనా ఏమన్నాడో రాయలేదు.

జ్ఞానం గురించి ఎక్కువ చెప్పను. సొలొమోను కథ అందరికీ తెలుసు, 1 రాజులు 3. ఒకే బిడ్డని నాదంటే నాదని ఇద్దరు ఆడవాళ్లు వస్తే బిడ్డని రెండుగా నరకమన్నాడు, ఎంత తెలివో అంటాం. ఇరవై ఆరో వచనం దగ్గర ఒకసారి ఆగండి. బతికున్న బిడ్డ తల్లికి కడుపు తరుక్కుపోయి, బిడ్డని ఆమెకే ఇచ్చేయండి, చంపొద్దు అంది. రాజు దేన్ని పట్టుకుని తీర్పు చెప్పాడు? ఆ తల్లి కనికరాన్ని. సాక్షులు లేరు, రుజువు లేదు, ఇద్దరూ సమాజం చులకనగా చూసే ఆడవాళ్లు. మీ పట్టిక కనికరాన్నీ జ్ఞానాన్నీ వేరువేరు వారాల్లో పెట్టింది గానీ ఇక్కడ రెండూ ఒకే గదిలో ఉన్నాయి. యాకోబు 3:17 కూడా అదే చెబుతుంది, పైనుంచి వచ్చే జ్ఞానం ఎలా ఉంటుందో చెప్పే జాబితాలో కనికరంతో నిండి ఉండటం ఒకటి. ఇంట్లో, ఆఫీసులో ఎవరి మాట జ్ఞానంగా ఉంది అని ఎప్పుడైనా తేల్చుకోవాల్సి వస్తే ఆ వచనం దగ్గర పెట్టుకోండి. మన సంఘాల్లో కమిటీ మీటింగులకి ముందు దాన్ని చదివితే బాగుంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది, సరే, అది వేరే కథ.

నిరీక్షణ దగ్గర మీకు ఏమీ అనిపించడం లేదన్నారు. నాకు నిరీక్షణ అనగానే గుర్తొచ్చేది యిర్మీయా 32, అది కూడా అనుభూతి గురించి కాదు. ఒక పొలం రిజిస్ట్రేషన్ గురించి. బబులోను సైన్యం యెరూషలేముని చుట్టుముట్టింది. ఊరు పోతుందని చెప్పినందుకు యిర్మీయాని రాజు సిద్కియా బంధించి ఉంచాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం కొనుక్కో, బంధువుగా విడిపించే హక్కు నీదే అంటాడు. శత్రువు గుడారాలు వేసుకున్న నేల. పైసా పెట్టేవాడు ఉండడు. యిర్మీయా 17 తులాల వెండి తక్కెడలో తూచి ఇచ్చాడు. క్రయపత్రం రాసి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, ముద్ర వేశాడు. ముద్రవేసిన పత్రం ఒకటి, తెరిచి ఉన్న నకలు ఒకటి, రెండూ తన లేఖకుడు బారూకుకి ఇచ్చి, చాలాకాలం ఉండేలా మట్టికుండలో పెట్టమన్నాడు. ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ మళ్లీ కొంటారు అన్న మాట ఆ కుండ పక్కన నిలబడి చెప్పింది.

నాకు నచ్చేది దాని తర్వాతి భాగం. పత్రం ఇచ్చేశాక యిర్మీయా ప్రార్థన చేస్తాడు. దేవా, నీకు అసాధ్యమైనది లేదు అని మొదలుపెట్టి, ఇరవై ఐదో వచనానికి వచ్చేసరికి, ఊరు కల్దీయుల (బబులోనువాళ్ల) చేతికి పోతుంటే నువ్వేమో వెండి ఇచ్చి పొలం కొనుక్కోమన్నావు అంటాడు. అంటే కొన్న తర్వాత కూడా అతనికి అయోమయంగానే ఉంది. డబ్బు కట్టేశాడు, మనసు ఇంకా రాలేదు. మీకు ఏమీ అనిపించకపోవడం విశ్వాసం తగ్గడమా అని అడిగారు కదా, యిర్మీయాని అడిగితే ఏమనేవాడో మీరే ఊహించుకోండి.

విలాపవాక్యములు 3:22, 23 కూడా మీ పట్టికలో ఉంటాయి. ఉదయాన్నే కొత్తగా పుట్టే వాత్సల్యత అనే ఆ వచనాలు లేకుండా నిరీక్షణ పట్టిక ఎవరూ వేయరు. ఆ అధ్యాయంలో 66 వచనాలున్నాయి, ఇవి మూడో వంతు దగ్గర వస్తాయి. ముందు ఇరవై వచనాలు, ఆయన నన్ను చీకట్లోకి నడిపించాడు, నా ఎముకలు విరగ్గొట్టాడు, నా పళ్లు రాళ్లతో నలగ్గొట్టాడు అనే వరస. తర్వాత మళ్లీ కన్నీళ్లు. పుస్తకం చివరి వచనం, మమ్మల్ని పూర్తిగా విసర్జించావా అన్న ధోరణిలో ముగుస్తుంది. యెరూషలేము పట్టణం కాలిపోయింది, ఆకలికి పిల్లలు వీధుల్లో పడిపోయారు, ఆ మధ్యలో ఒకరికి దేవుని వాత్సల్యత జ్ఞాపకం వచ్చింది, అంతే. సంతోషంగా ఉన్నప్పుడు రాసిన మాట కాదు కాబట్టి సంతోషంగా చదవాల్సిన పని లేదు. 88వ కీర్తన అయితే చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, అందులో మలుపే లేదు. అదీ బైబిల్లోనే ఉంది, అదీ ప్రార్థనే. మీకు బాగాలేని రోజున దాన్ని చదివి లేచి పనికి వెళ్లండి.

ఇక రోజూ ఎలా చదవాలన్నది. పట్టిక మానొద్దు. అందులో ఇచ్చిన వచనం ఏ అధ్యాయంలో ఉందో ఆ అధ్యాయం మొత్తం చదవండి, చాలా అధ్యాయాలకి పది నిమిషాలు కూడా పట్టదు. ఫోన్‌లో కాకుండా పుస్తకంలో చదవండి. యాప్‌లో వచనం కొడితే అది ఒక్కటే తెర మీదికొస్తుంది, పుస్తకం తెరిస్తే రెండు పేజీలు కళ్లముందు ఉంటాయి, పక్కన ఏముందో చూపు దానంతటదే పోతుంది. పైకి చదవండి, పాత అనువాదం అయితే మరీను, కళ్లతో చదివితే తడబడే వాక్యాలు నోటితో చదివితే విడిపోతాయి. అర్థంకాని చోట వాడుక భాష అనువాదం పక్కన పెట్టుకోండి. ఈ రోజు దేవుడు నాతో ఏం మాట్లాడాడు అని ప్రతిరోజూ ఏదో ఒకటి పిండుకోవాలన్న టెన్షన్ వద్దు. ఎవరు, ఎవరితో, ఏం చేశారు, ఈ మాత్రం ఒక వాక్యంలో నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు. కొన్ని రోజులు అంతకుమించి ఏమీ తట్టదు, తట్టనక్కర్లేదు.

పట్టిక అయిపోయాక ఏం చదవాలని అడుగుతారేమో. రూతు నాలుగు అధ్యాయాలు, యోనా నాలుగు, రోజుకొకటి. తర్వాత యిర్మీయా 27 నుంచి 29, ఆపైన 32. సామెతలకి 31 అధ్యాయాలున్నాయి కదా అని నెలకి సరిపెట్టుకుని చదివేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదటి తొమ్మిది అధ్యాయాల వరకు ఆ లెక్క బాగానే ఉంటుంది. పదో అధ్యాయం నుంచి చాలావరకు ఏ వచనానికి ఆ వచనమే విడి సామెత. ఇంతసేపూ వచనం ఒక్కటే చదవొద్దని చెప్పిన నేనే అక్కడ మాత్రం ఒక్కటే చదవమంటాను, రోజుకి మూడో నాలుగో, అంతకుమించి వద్దు.